పాత మ్యూజిక్ సిస్టమ్‌కి కొత్త ప్రాణం: రాస్‌బెర్రీ పైతో సొంత మ్యూజిక్ స్ట్రీమర్ కట్టుకుందాం

గూగుల్ 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న గుండ్రటి డివైస్ తెచ్చింది. ధర 35 డాలర్లు. పాత స్పీకర్ సిస్టమ్‌కి తగిలిస్తే చాలు, ఫోన్‌లోంచి వైఫై మీద పాటలు పంపొచ్చు. 2019 జనవరిలో దాని తయారీ ఆపేశారు. కొన్నవాళ్లు వాడుతూనే ఉన్నారు. 2025 మార్చిలో ఒకరోజు అవన్నీ ఒకేసారి మొరాయించాయి. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. లోపల ఉన్న ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి పదేళ్ల గడువు తీరింది, అంతే. గూగుల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది కాబట్టి సరిపోయింది. ఇవ్వకపోతే? మంచి కండిషన్‌లో ఉన్న డివైస్ చెత్తబుట్టలోకే.

దీనికి పూర్తి రివర్స్ కథ స్క్వీజ్‌బాక్స్‌ది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ తయారు చేసింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొనేసింది, 2012లో ఆ ప్లేయర్లను ఆపేసింది, 2024లో వాటి ఆన్‌లైన్ సర్వీస్ కూడా మూసేసింది. అయినా ఆ ప్లేయర్లు ఈరోజుకీ పాడుతున్నాయి. కారణం, వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే కొత్త పేరుతో వాలంటీర్లు దాన్ని నడుపుతున్నారు.

ఈ రెండు కథల మధ్య తేడాయే ఈ లెసన్. మనం కట్టబోయే స్ట్రీమర్‌లో ప్రతి ముక్కా విడివిడిగా ఉంటుంది. ఏది పాడైతే అదొక్కటే మార్చుకుంటాం. ఏ కంపెనీ ఏ సర్వర్ ఆపేసినా మన పాటలు ఆగవు. బోనస్ ఏంటంటే, డిజిటల్ ఆడియో ఎలా పనిచేస్తుందో చేత్తో పట్టుకుని నేర్చుకోవచ్చు.

మనం కట్టేది ఏంటి?

చాలామంది ఇళ్లల్లో పాత స్టీరియో సిస్టమ్ ఒకటి ఉంటుంది. క్యాసెట్ డెక్ పోయి ఉంటుంది, సీడీ ట్రే ఇరుక్కుపోయి ఉంటుంది. కానీ ఆంప్లిఫైయరూ స్పీకర్లూ బాగానే ఉంటాయి. వెనక ఆక్స్ అనో లైన్ ఇన్ అనో ఎరుపు, తెలుపు సాకెట్లు ఉంటే చాలు, మన పని అయిపోయినట్టే. మా ఇంట్లో హాల్లో ఉన్నదీ అలాంటిదే.

"బ్లూటూత్ రిసీవర్ పెట్టేస్తే పోయేదానికి ఇంత అవసరమా?" అని అడగొచ్చు. తేడా ఉంది. బ్లూటూత్‌లో పాట ఫోన్ నుంచే వెళ్లాలి. కాల్ వస్తే పాట ఆగుతుంది, ఫోన్ పట్టుకుని బయటికెళ్తే పాట కూడా వెళ్లిపోతుంది. పైగా పాటని మళ్లీ ఒకసారి కంప్రెస్ చేసి పంపుతుంది. మన స్ట్రీమర్‌లో పాటలు స్ట్రీమర్ దగ్గరే ఉంటాయి. ఫోన్ కేవలం రిమోట్. మీరు ఆఫీసుకెళ్లినా ఇంట్లో పాట నడుస్తూనే ఉంటుంది, అమ్మ తన ఫోన్‌లోంచి తర్వాతి పాట మార్చుకుంటుంది.

కావాల్సిన సామాన్లు

- రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. హెడర్ పిన్స్ సోల్డర్ చేసి వచ్చేదే తీసుకోండి. మీ దగ్గర ఇప్పటికే పై 3 గానీ పై 4 గానీ ఖాళీగా ఉంటే అదే వాడండి.
- పీసీఎం5102ఏ చిప్ ఉన్న డాక్ బోర్డ్. ఊదారంగులో చిన్నగా ఉంటుంది.
- 5 వోల్ట్‌ల మంచి పవర్ అడాప్టర్. జీరో 2 డబ్ల్యూకి 2.5 ఆంప్స్, పై 4కి 3 ఆంప్స్.
- 16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డ్. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రమే.
- పాటల కోసం పెన్‌డ్రైవ్. జీరో 2 డబ్ల్యూ అయితే మైక్రో యూఎస్‌బీ ఓటీజీ అడాప్టర్ కూడా.
- ఫీమేల్ టు ఫీమేల్ జంపర్ వైర్లు ఆరు.
- ఒకవైపు 3.5 ఎంఎం పిన్, మరోవైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉండే కేబుల్.

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులు వరుసగా ఉంటాయి. ఊళ్లో ఉంటే ఆన్‌లైనే దిక్కు. డాక్ బోర్డ్‌లో సోల్డర్ చేయని పిన్నులు విడిగా ఇస్తారు. సోల్డరింగ్ రాకపోతే ఏ మొబైల్ రిపేర్ షాపులోనైనా ఐదు నిమిషాల్లో చేసిపెడతారు.

జీరో 2 డబ్ల్యూలో ఉన్నది 512 ఎంబీ ర్యామ్, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్. పాటలు ప్లే చేయడానికి ఇది ఎక్కువే. పై 5 కొనాల్సిన అవసరం అస్సలు లేదు. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి, తేడా చెవికి తెలుస్తుంది.

డాక్ ఎందుకు?

పాట ఫైల్ అంటే నంబర్ల వరుస. సీడీ క్వాలిటీలో ఒక్కో ఛానెల్‌కి సెకనుకి 44,100 నంబర్లు, ఒక్కో నంబర్ 16 బిట్లు. రెండు ఛానెళ్లకి లెక్కేస్తే 44,100 × 16 × 2, అంటే సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు. ఈ నంబర్లను కరెంటు అలగా మార్చే చిప్పే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, ముద్దుగా డాక్. డిజిటల్ నుంచి అసలు శబ్దం పుట్టేది ఇక్కడే.

పై 3, పై 4లో హెడ్‌ఫోన్ జాక్ ఉంది కదా, మరి విడిగా డాక్ ఎందుకు? ఆ జాక్ వెనక అసలైన డాక్ చిప్ లేదు. ఒక పిన్‌ని అతి వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజ్‌తో శబ్దం పుట్టిస్తారు. దాన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. మామూలు బీప్‌లకి ఓకే. కానీ పెద్ద స్పీకర్లకి పెట్టి వీణ సోలో లాంటిది వినండి, పాట నెమ్మదించిన చోట వెనక సన్నటి హిస్ వినిపిస్తుంది. జీరో 2 డబ్ల్యూలో, పై 5లో ఆ జాక్ కూడా లేదు.

పీసీఎం5102ఏ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారీ. డేటాషీట్ ప్రకారం దీని సిగ్నల్ టు నాయిస్ రేషియో 112 డెసిబెల్స్, అవుట్‌పుట్ 2.1 వోల్ట్‌లు. సీడీలోని 16 బిట్ల ఆడియోకి కావాల్సింది సుమారు 96 డెసిబెల్స్. అంటే నాలుగైదు వందల రూపాయల బోర్డే సీడీ కంటే నిశ్శబ్దంగా ఉంటుంది.

పైకీ డాక్‌కీ మధ్య మాటలు నడిచే భాష ఐ2ఎస్. ఇందులో మూడు తీగలే ముఖ్యం. ఒకటి ఒక్కో బిట్‌కి తాళం వేస్తుంది. రెండోది ఇప్పుడు వచ్చేది లెఫ్టా రైటా అని చెబుతుంది. మూడోదానిలో అసలు పాట వెళ్తుంది.

వైరింగ్

పవర్ తీసేసి మొదలుపెట్టండి. పై మీద 40 పిన్నులు రెండు వరుసల్లో ఉంటాయి. ఎస్‌డీ కార్డ్ ఉన్న చివర నుంచి లెక్క మొదలు. బోర్డు లోపలి వరుసలో 1, 3, 5 ఇలా బేసి నంబర్లు, అంచు వైపు వరుసలో 2, 4, 6 ఇలా సరి నంబర్లు.

- డాక్ వీఐఎన్ నుంచి పై 2వ పిన్‌కి. ఇది 5 వోల్ట్‌లు.
- డాక్ జీఎన్‌డీ నుంచి 6వ పిన్‌కి. ఇది గ్రౌండ్.
- డాక్ బీసీకే నుంచి 12వ పిన్‌కి.
- డాక్ ఎల్‌సీకే నుంచి 35వ పిన్‌కి. కొన్ని బోర్డుల మీద దీన్నే ఎల్‌ఆర్‌సీకే అని రాస్తారు.
- డాక్ డీఐఎన్ నుంచి 40వ పిన్‌కి.
- డాక్ ఎస్‌సీకే నుంచి 39వ పిన్‌కి. ఇదీ గ్రౌండే.

ఆ చివరి తీగ చాలా వీడియోల్లో చూపించరు. ఈ చిప్‌కి మామూలుగా ఒక మాస్టర్ క్లాక్ బయటి నుంచి కావాలి. పై దాన్ని ఇవ్వదు. ఎస్‌సీకేని గ్రౌండ్‌కి కలిపితే "క్లాక్ నువ్వే తయారుచేసుకో" అని చిప్‌కి చెప్పినట్టు. గాల్లో వదిలేస్తే గరగర శబ్దం రావచ్చు, అసలు శబ్దమే రాకపోవచ్చు.

ఇంకొకటి. బోర్డ్ తిప్పి వెనక చూడండి. 1 నుంచి 4 వరకు నంబర్లు, ఒక్కోదానికి హెచ్, ఎల్ అని సోల్డర్ ప్యాడ్‌లు ఉంటాయి. 1, 2, 4 ఎల్ వైపు, 3 మాత్రం హెచ్ వైపు కలిసి ఉండాలి. మూడోది మ్యూట్ కంట్రోల్. అది హెచ్‌కి కలవకపోతే అన్నీ కరెక్ట్‌గా ఉన్నా డాక్ నోరు మూసుకునే కూర్చుంటుంది. కొన్ని బోర్డులు ఇవి కలిపే వస్తాయి, కొన్ని రావు.

5 వోల్ట్‌ల తీగ పొరపాటున కూడా వేరే పిన్‌కి తగలకూడదు. పై పిన్నులు 3.3 వోల్ట్‌లకే తట్టుకుంటాయి. పవర్ ఇచ్చే ముందు ఆరు తీగలూ మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకోండి.

డాక్ జాక్ నుంచి ఆంప్ ఆక్స్‌కి కేబుల్ పెట్టండి. ఫోనో అని రాసి ఉన్న సాకెట్‌కి వద్దు. అది గ్రామఫోన్ సూది ఇచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం, అక్కడ చాలా ఎక్కువ గెయిన్ ఉంటుంది. 2 వోల్ట్‌లు అక్కడ పెడితే శబ్దం చీలిపోతుంది, స్పీకర్లకీ మంచిది కాదు.

సాఫ్ట్‌వేర్

ఉచితంగా దొరికేవాటిలో నేను ఎక్కువగా చెప్పేవి రెండు. మొదటిది మూడ్ ఆడియో. లోపల ఎంపీడీ, అంటే మ్యూజిక్ ప్లేయర్ డీమన్ నడుస్తుంది. పైన చక్కటి వెబ్ స్క్రీన్ ఉంటుంది. రెండోది పైకోర్‌ప్లేయర్. దీని గురించి కరెంటు కోతల దగ్గర చెబుతాను. మొదటిసారి కడుతుంటే మూడ్‌తో మొదలుపెట్టండి.

1. మూడ్ సైట్ నుంచి ఇమేజ్ ఫైల్ డౌన్‌లోడ్ చేయండి.
2. రాస్‌బెర్రీ పై ఇమేజర్ ఓపెన్ చేసి ఆ ఫైల్‌ని ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో హోస్ట్‌నేమ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు, వైఫై పాస్‌వర్డ్ ముందే ఇవ్వండి. వైఫై దేశం ఇండియా అని పెట్టండి. జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది, 5 గిగాహెర్ట్జ్ పేరు ఇస్తే కనెక్ట్ అవదు.
3. కార్డ్ రాయడం పూర్తయ్యాక పైలో పెట్టి పవర్ ఇవ్వండి. మొదటి బూట్ కొంచెం నెమ్మదిగా అవుతుంది, కంగారు పడి ప్లగ్ పీకొద్దు.
4. ఫోన్ బ్రౌజర్‌లో మీరు పెట్టిన హోస్ట్‌నేమ్, చివర డాట్ లోకల్ టైప్ చేయండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది తెరుచుకోకపోతే రౌటర్ పేజీలో పై ఐపీ అడ్రస్ చూసి అది కొట్టండి.
5. ఆడియో సెట్టింగ్స్‌లో ఐ2ఎస్ డివైస్ లిస్ట్ ఉంటుంది. అందులో హైఫైబెర్రీ డాక్ ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. మన బోర్డ్ ఆ కంపెనీది కాకపోయినా ఆ డ్రైవర్ దీనికి సరిపోతుంది.
6. పెన్‌డ్రైవ్ పెట్టి లైబ్రరీ అప్‌డేట్ నొక్కండి. పాటలు వచ్చేస్తాయి.

ఇంతే. కమాండ్ లైన్ ఒక్కసారి కూడా తెరవలేదు.

ఇదే స్క్రీన్‌లో ఎయిర్‌ప్లే ఆన్ చేస్తే ఐఫోన్ నుంచి నేరుగా పంపొచ్చు. స్పాటిఫై కనెక్ట్ కూడా ఉంది, కాకపోతే ప్రీమియం అకౌంట్ కావాలి. ఇంటర్నెట్ రేడియో స్టేషన్లు ఉన్నాయి, మీకు కావాల్సిన స్ట్రీమ్ లింక్ మీరే చేర్చుకోవచ్చు. క్లాక్ రేడియో ఆప్షన్‌లో పొద్దున 5:30 పెట్టి సుప్రభాతం ప్లేలిస్ట్ ఇచ్చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ప్రాజెక్ట్ విలువ ఏంటో మరుసటి రోజు పొద్దున్నే అర్థమవుతుంది.

వాల్యూమ్ ఎక్కడ తగ్గించాలి?

పీసీఎం5102ఏలో వాల్యూమ్ కంట్రోల్ లేదు. స్క్రీన్ మీద స్లైడర్ తగ్గిస్తే పై ఆ నంబర్లనే చిన్నవి చేసి పంపుతుంది. పాట తగ్గుతుంది కానీ డాక్ సొంత నాయిస్ తగ్గదు. ఉదాహరణకి పాటని 30 డెసిబెల్స్ తగ్గిస్తే, 112 డెసిబెల్స్ ఉన్న దూరం 82కి పడిపోతుంది. తర్వాత ఆంప్ నాబ్ పెంచితే పాటతో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది. కాబట్టి స్ట్రీమర్‌ని ఎప్పుడూ ఫుల్‌కి దగ్గరగా ఉంచి ఆంప్ నాబ్‌తో తగ్గించండి. సోఫాలోంచి చిన్నచిన్న మార్పులకి స్లైడర్ వాడినా ఫర్వాలేదు. మొదటిసారి ప్లే చేసేటప్పుడు మాత్రం ఆంప్ నాబ్ సున్నాలో ఉంచి మెల్లగా పెంచండి.

పాటల ఫైళ్లు: అసలు శ్రమ ఇక్కడే

హార్డ్‌వేర్ ఒక సాయంత్రం పని. లైబ్రరీ మాత్రం ఓపికతో చేసుకోవాలి. ఇంట్లో సీడీలు ఉంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్ ఫార్మాట్‌లోకి తీసుకోండి. ఫ్లాక్ జిప్ ఫైల్ లాంటిది. సైజు తగ్గుతుంది, ఒక్క బిట్ కూడా పోదు. ఐదు నిమిషాల పాట సీడీలో 53 ఎంబీ ఉంటే ఫ్లాక్‌లో చాలావరకు 30 ఎంబీ చుట్టుపక్కల వస్తుంది. ఆ లెక్కన 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో నాలుగు వేల పాటలు పడతాయి.

128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే క్వాలిటీ పెరుగుతుందా? పెరగదు. పోయినదాన్ని ఏ ఫార్మాటూ తిరిగి తేలేదు. పేరుకి ఫ్లాక్, లోపల ఎంపీ3 ఉన్న ఫైళ్లు చాలా తిరుగుతుంటాయి. పట్టుకోవడం సులువే. స్పెక్ అనే ఉచిత టూల్‌లో ఫైల్ తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తే అది ఎక్కడో ఒకచోట ఎంపీ3గా మారి వచ్చిందని గట్టి అనుమానం. పాత రికార్డింగుల్లో పై ఫ్రీక్వెన్సీలు సహజంగానే తక్కువ ఉంటాయి, అక్కడ మాత్రం ఒక్క గీత చూసి తీర్పు ఇవ్వొద్దు.

24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్ల కోసం వెంపర్లాడొద్దు. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్ 22.05 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని పట్టుకోగలదు. మనిషి చెవి వినేది మహా అయితే 20.

ఇక ట్యాగులు. తెలుగు సినిమా పాటలకి ఇది పెద్ద తలనొప్పి. ఒక సినిమాలో ఆరు పాటలు, ఆరుగురు గాయకులు. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు ఒక్క సినిమాని ఆరు ఆల్బమ్‌లుగా చీల్చి చూపిస్తాయి. నేను పాటించే పద్ధతి ఇది.

- ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు. ఆర్టిస్ట్ గడిలో గాయకుల పేర్లు.
- ఆల్బమ్ పేరు పక్కన సంవత్సరం. దేవదాసు అని పెడితే 1953 నాటి సి.ఆర్.సుబ్బరామన్ పాటలూ, 2006 నాటి చక్రి పాటలూ ఒకే ఆల్బమ్‌లో కలిసిపోయే ప్రమాదం ఉంది.
- ఒక్కో గాయకుడికి ఒకే స్పెల్లింగ్. ఎస్పీబీ, ఎస్పీ బాలు, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం అని మూడు రకాలుగా ఉంటే లైబ్రరీలో ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వందల ఫైళ్ల ట్యాగులు ఒకేసారి మార్చొచ్చు. ట్యాగులు ఫైల్ లోపలే ఉంటాయి కాబట్టి రేపు ప్లేయర్ మారినా ఈ శ్రమ వృథా పోదు.

కరెంటు పోతే?

పై నడుస్తుండగా కరెంటు పోతే, సరిగ్గా ఆ క్షణంలో ఎస్‌డీ కార్డ్ మీద ఏదైనా రాస్తుంటే ఫైల్ సిస్టమ్ దెబ్బతినొచ్చు. అందుకే పాటలు కార్డ్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టమన్నాను. అన్నీ సెట్ అయ్యాక కార్డ్ మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా కంప్యూటర్‌లో దాచుకోండి. కార్డ్ పోతే పది నిమిషాల్లో కొత్త కార్డ్ సిద్ధం.

మీ ఊళ్లో కోతలు ఎక్కువైతే పైకోర్‌ప్లేయర్ చూడండి. ఇది టైనీ కోర్ లైనక్స్ మీద కట్టింది. బూట్ అయ్యాక మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది, మామూలుగా కార్డ్ జోలికి వెళ్లదు. స్విచ్ బోర్డ్ దగ్గర నేరుగా ఆఫ్ చేసినా పెద్దగా భయం లేదు. ఇది మొదట్లో చెప్పిన స్క్వీజ్‌బాక్స్ కుటుంబానిదే, లిరియన్ సర్వర్‌తో కలిసి పనిచేస్తుంది. రెండు మూడు గదుల్లో ఒకే పాట ఒకేసారి రావాలన్నా ఇదే దారి.

శబ్దం సరిగ్గా రాకపోతే

- అసలు శబ్దమే లేదు: ముందు ఆంప్ సెలెక్టర్ ఆక్స్ మీద ఉందా చూడండి. తర్వాత ఐ2ఎస్ డివైస్ ఎంపిక, ఆ తర్వాత డాక్ వెనక మూడో ప్యాడ్.
- గరగర, టిక్ టిక్: ఎస్‌సీకే తీగ వదులై ఉండొచ్చు. జంపర్ వైర్లు పొట్టిగా ఉంటే మంచిది.
- మధ్యమధ్యలో రీస్టార్ట్: దాదాపు ఎప్పుడూ అడాప్టరే కారణం. పాత ఫోన్ ఛార్జర్లు పేరుకి 2 ఆంప్స్, లోడ్ పడగానే వోల్టేజ్ జారిపోతుంది.
- మ్ అని సన్నటి హమ్: గ్రౌండ్ లూప్ కావచ్చు. పై అడాప్టర్‌నీ ఆంప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డ్‌కి పెట్టండి. తగ్గకపోతే ఆడియో కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. హమ్ పోవచ్చు, కానీ షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే.
- వైఫై స్ట్రీమ్ ఆగిపోతోంది: పైని ఇనుప డబ్బాలో పెట్టారేమో చూడండి. యాంటెనా బోర్డ్ మీదే ఉంటుంది, ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా గానీ చెక్క పెట్టె గానీ వాడండి.

చివరిగా

ఇప్పుడు మన సిస్టమ్‌ని ఒకసారి చూడండి. పై పోతే ఇంకో పై. డాక్ పోతే నాలుగైదు వందలు. మూడ్ ప్రాజెక్ట్ ఆగిపోతే కార్డ్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్. ఆంప్‌కి ఇవేవీ తెలియవు, దానికి కావాల్సింది రెండు తీగల్లో వచ్చే కరెంటు అల మాత్రమే. అందుకే ముప్ఫై ఏళ్ల పాతదైనా కొత్త స్ట్రీమర్‌తో కలిసిపోతుంది. మళ్లీ కొనలేనిది ఒక్కటే, మీరు కూర్చుని సర్దుకున్న ఆ పాటల ఫోల్డర్. అది రెండో డ్రైవ్‌లో ఒక కాపీ, వీలైతే ఇంకో ఇంట్లో ఒక కాపీ పెట్టండి. ఈ వీకెండ్ స్ట్రీమర్ కట్టడం పూర్తయితే ఆదివారం సాయంత్రం చేయాల్సిన చివరి పని అదే.